వంపు దగ్గర కంకరకుప్ప

రేగడి నేలలో రాయి పుట్టదు. మీదికొచ్చే కుక్కను అదిలించాలన్నా మట్టిబెడ్డ వెతుక్కోవలసిందే. మాబూబీ ఆ ఊరికి కాపరానికి వచ్చిన కొత్తలో, లారీ కంకర తెచ్చి ఊరి చివర గుమ్మరిస్తే పిల్లలంతా ఎగబడి జేబులు నింపుకోవడం చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె పుట్టిల్లు కనిగిరి కొండ కింద. అక్కడ రాయి లేని చోటు చూసి మంచం వాల్చుకోవాలి. రాయిని ఏరుకునేవాళ్ళు కూడా ఉంటారని ఆమెకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఆ కంకరను రోడ్డుకు తినిపించే మనిషి ఆమె పెనిమిటి హయాత్. ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. రోడ్డు సాహెబు అనేవారు.

రోడ్డు వాళ్ళ పెరటి దడి పక్కనుంచే మొదలవుతుంది. పత్తి చేల మధ్యగా, మిరప చేల మధ్యగా పోయి పోయి ఎక్కడో తారు రోడ్డులో కలుస్తుంది. దారిలో ఇల్లు లేదు, చెట్టు లేదు, టీ బంకు లేదు. కింద నల్లటి నేల, పైన ఆకాశం, నడుమ తెల్లగా ఒక గీత. ఎండాకాలంలో నేల నెర్రెలిచ్చి ఆ గీతను చీలుస్తుంది. వానాకాలంలో ఉబ్బి, పోసిన కంకరంతా లోపలికి లాక్కుంటుంది. ఈ ఏడు పోసిన రాయి వచ్చే ఏటికి కనపడదు. ఎక్కడికి పోయిందంటే ఎవరూ చెప్పలేరు.

"ఇది రోడ్డు కాదే మాబూ, చంటిబిడ్డ. పెడతా ఉండాల్సిందే, అది అరిగించుకుంటా ఉండాల్సిందే" అనేవాడు హయాత్.

ఊరికీ తారు రోడ్డుకీ నడుమ రోడ్డు ఒక చోట మెలి తిరుగుతుంది. ఆ వంపు దగ్గర నేల మరీ ఆబగా మింగుతుంది. అందుకని హయాత్ అక్కడొక కంకరకుప్ప ఎప్పుడూ ఉంచేవాడు. గుంత పడితే కుప్పలోంచి తీసి పూడ్చడం, దిమ్మిసతో కొట్టి గట్టిపరచడం, చక్రాలు ఎగజిమ్మిన రాళ్ళు చేలల్లోంచి ఏరుకొచ్చి మళ్ళీ కుప్పలో వెయ్యడం, అదే అతని పని. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే బండ్లవాళ్ళ మీద కేకలు వేసేవాడు.

"ఒరేయ్, రాళ్ళు ఎగజిమ్మేది మీ టైర్లు, ఏరేది నేనా? పోయేవాడల్లా ఒక రాయి తీసి నా కుప్పలో వేసి పోండి. మీ అబ్బ సొమ్మేం పోదు."

కొందరు వేసేవారు. వెయ్యనివాణ్ణి తిరిగొచ్చేటప్పుడు అటకాయించి మరీ వేయించేవాడు.

మాబూబీ ఆ రోడ్డు మీద నడిచింది తక్కువ, విన్నది ఎక్కువ. చదును నేల కాబట్టి వంపు దగ్గర పార కంకరను గీకితే ఆ గరగర ఆమె వంటింట్లోకి వచ్చేది. పొద్దు నడినెత్తికి వస్తుంటే ఎసట్లో బియ్యం పోసి చెవి అటు పడేసేది. గరగర, గరగర, తర్వాత దిమ్మిస దబ్బుదబ్బుమనడం. ఆ చప్పుళ్ళు ఆగాయంటే మనిషి భోజనానికి బయల్దేరినట్టు. ఆగగానే గంజి వార్చేది. అతను వచ్చి చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకునేసరికి అన్నం పొడిపొడిగా, పొగలు కక్కుతూ ఉండేది. ఇంట్లో గడియారం ఉంది గానీ దానితో ఆమెకు ఎన్నడూ పని పడలేదు.

పోయిన ఏడు రోహిణి కార్తెలో ఒక రోజు చప్పుడు పెందలాడే ఆగింది. మాబూబీ గంజి వార్చింది. కంచం పెట్టింది. దారిలో ఎవరితోనో బాతాఖానీ వేసుకుంటున్నాడనుకుంది. అన్నం చల్లారింది. చివరికి ఆటో ప్రభు దడి దగ్గర బండి ఆపి, దిగకుండా అట్లాగే కూర్చున్నాడు. ఎప్పుడూ పిన్నీ పిన్నీ అంటూ వంటింటి దాకా వచ్చేసే పిల్లాడు దిగకపోవడం చూసే ఆమెకు అర్థమైంది. హయాత్ కుప్పకు చేరగిలబడి ఉన్నాడట. నిద్రపోతున్నాడని హారన్ కొట్టాడట ప్రభు. వడదెబ్బ.

మసీదు వెనక ఖబరస్తాన్‌లో పెట్టారు. మాబూబీ ఇద్దత్ కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అతని జాగాలో కొత్త మనిషిని వేస్తారన్నారు. వెయ్యలేదు.

గడప లోపల కూర్చున్న మనిషికి లోకమంతా చెవుల్లోంచే వస్తుంది. తొలకరి పడింది. రోడ్డు మీద బండ్లు దిగబడటం వినిపించింది, డ్రైవర్లు తిట్టుకోవడం వినిపించింది. వానలు ముదిరాక ఒక మధ్యాహ్నం బియ్యం ఉడుకుతుండగా, గరగరమని పార గీకిన చప్పుడు వినిపించింది.

కొత్త మనిషి వచ్చాడనుకుంది. పక్కింటి రాఘవమ్మ దడి మీదినుంచి గోంగూర అందిస్తుంటే అడిగింది.

"వంపు కాడ పని చేసేది ఎవరక్కా?"

"ఎవరున్నారే? అటు మనిషన్నవాడే లేడు."

"పార చప్పుడు వినపడుతుంది కదా."

రాఘవమ్మ చెవి ఒగ్గి చూసింది. "నాకేం వినపడలా. ముసురుకి నీ చెవులు హోరెత్తుతున్నాయిలే, కాస్త నూనెచుక్క వేసుకో."

అప్పటినుంచి ఏ రోజూ తప్పలేదు. పొద్దు నడినెత్తికి రావడం, పార గీకడం. ఎండైనా వానైనా. హయాత్ ఉన్నప్పటికీ ఇప్పటికీ ఒకటే తేడా. ఈ చప్పుడు ఆగదు. ఆగితే గంజి వార్చాలని మాబూబీ మూత పట్టుకుని నిలబడుతుంది. గరగర, దబ్బుదబ్బు, మళ్ళీ గరగర. అన్నం మెత్తబడుతుంది, ముద్దవుతుంది, అడుగంటుతుంది. ఏ ఝాముకో తెలియకుండా చెవిలోంచి జారిపోతుంది తప్ప, పని ముగించి పారను నేలకు ఆనించినట్టు ఆగదు. పని తెమలని మనిషి భోజనానికెట్లా వస్తాడు?

కూతురు నజ్మీన్ వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పనిలో ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట. "అమ్మా, ఒక్కదానివే ఏం చేస్తావు అక్కడ? ఇక్కడికొచ్చెయ్." మాబూబీ ఊఁ అనేది. వేటపాలెంలో రోజంతా మిషన్ల రొద. అక్కడ ఏం వినపడుతుంది?

ఇద్దత్ తీరాక పత్తి తీతలప్పుడు మొదటిసారి వంపు దాకా నడిచింది. చూసి నిలబడిపోయింది. మోకాటి ఎత్తు కుప్ప మనిషి ఎత్తయింది. పైన ఆకుపచ్చ గుడ్డ. ఊదువత్తుల పుల్లలు, ఎండిన నిమ్మకాయలు. బండ్లవాళ్ళు ఒక్కొక్కరూ ఆగి, హారన్ కొట్టి, రోడ్డు మీద ఒక రాయి తీసి కుప్పలో వేసి, చెయ్యి గుండెకు తాకించి పోతున్నారు.

ప్రభుని అడిగితే చెప్పాడు. బాబాయ్ పోయిన మర్నాడు మనసు ఆగక అతనే ఒక రాయి వేశాడట. వెనక వచ్చినవాడు అది చూసి వేశాడు. ఎవరో రాయి వెయ్యకుండా పోతే అతని ట్రాక్టర్ టైరు పేలిందట. ఇంకెవరో ఇంటి పునాదికని కుప్పలోంచి నాలుగు తట్టలు ఎత్తుకుపోతే వాళ్ళ గేదె ఈనుతూ చచ్చిందట. అప్పటినుంచి వేసేవాళ్ళే గానీ తీసేవాళ్ళు లేరు. తారు రోడ్డు మొదట్లో పంక్చర్లు వేసే బుడే వచ్చి గుడ్డ కప్పాడు, గురువారం గురువారం ఊదు వేస్తున్నాడు. పేరు కూడా వచ్చింది, కంకర సాహెబు.

ఆ కుప్ప ముందే రోడ్డులో గుంత పడి ఉంది. మాబూబీ దాని అంచున నిలబడి లోపలికి చూసింది. అడుగున నల్లటి నీళ్ళు. ఈ గుంత పూడ్చడానికే ఆ కుప్ప. గుంత పెరుగుతోంది, పక్కనే కుప్పా పెరుగుతోంది.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే వెనకనుంచి పార చప్పుడు మొదలైంది. తిరిగి చూసింది. ఎండకు రోడ్డు నీళ్ళల్లే అల్లాడుతోంది. నీళ్ళ మధ్య ఆకుపచ్చగా, ఎవరో వంగి లేస్తున్నట్టుంది.

అతనికేం కావాలో ఆమెకు అప్పుడే తెలిసింది. తెలిసి కూడా ఊరుకుంది. చలికాలం గడిచింది, మిరపకాయలు కళ్ళాల్లో ఎండి గుంటూరు యార్డుకు పోయాయి, మళ్ళీ ఎండలు ముదిరాయి. గుంత పూడిస్తే చప్పుడు ఆగిపోతుంది. పోయిన మనిషిది ఆమెకు మిగిలింది అదొక్కటే. బట్టలు పంచేశారు. ఫోటోలో ముఖం ఎవరిదో అన్నట్టుంటుంది. ముద్దన్నం తినొచ్చు, ఏమైంది? ఆమె ముద్దన్నమే తిన్నది.

మళ్ళీ రోహిణి కార్తె వచ్చింది. రాఘవమ్మ సంతకు పోయి ప్రభు ఆటోలో తిరిగొస్తోంది. వంపు దగ్గర ప్రభు ఆగలేదు, మెల్లగా పోనిస్తూనే ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, ముందే దగ్గర పెట్టుకున్న రాయిని రెండో చేత్తో కుప్పలోకి విసిరాడు. విసిరే లోపల ముందు చక్రం గుంతలో పడింది. ఆటో పక్కకు ఒరిగింది. రాఘవమ్మ మణికట్టు విరిగింది.

సాయంత్రం పిండికట్టుతో అరుగు మీద కూర్చుంది రాఘవమ్మ. కోడలు లక్ష్మీదుర్గ విసనకర్రతో విసురుతోంది. ప్రభు తలొంచుకుని నిలబడ్డాడు. బుడే కూడా పంక్చర్ షాపు మూసుకుని వచ్చాడు.

"సాహెబు కాపాడాడు పెద్దమ్మా. చేత్తో పోయింది. ప్రాణానికి రావాల్సింది" అన్నాడు బుడే.

"కాపాడేవాడు చెయ్యి మాత్రం ఎందుకు వదిలేశాడురా? ఇది ఆయనకి లెక్కలోకి రాదా?" అంది రాఘవమ్మ.

ప్రభుకి నవ్వొచ్చింది గానీ భయానికి మింగేశాడు.

బుడే మాబూబీ వైపు తిరిగాడు. "వదినా, నీతోనే ఒక మాట. ఎల్లుండికి అన్న పోయి ఏడాది. వంపు కాడ ఉరుసు చేద్దామనుకుంటున్నాం. నువ్వొచ్చి కూర్చోవాలి."

"ఎవరికి ఉరుసు?"

"అన్నకే."

"మీ అన్న మసీదు వెనక ఉన్నాడు. వంపు కాడ ఉండేది కంకర."

"మహిమ అక్కడుంది కదా వదినా."

"ఏం మహిమ? జుమ్మా నమాజుకి నేను వెనకనుంచి తోస్తే పోయేవాడు. చుట్ట తాగి తాగి నా చీరలన్నీ చిల్లులు పెట్టాడు. ఒట్టి కోపిష్టి మనిషి. కంచంలో ఉప్పు తగ్గితే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు." చెబుతుండగానే ఆ చుట్ట వాసన వచ్చినట్టయింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

ఆ రాత్రి తిండి తినలేదు. రాఘవమ్మ పిండికట్టు కళ్ళ ముందు తెల్లగా కదులుతూనే ఉంది. ఆ గుంతలో రేపు ఎవరి చెయ్యి, ఎల్లుండి ఎవరి ప్రాణం? నా చెవి కోసం ఎవరి చెయ్యో విరగాలా, అనుకుంది. ఏడాదిగా ఆ మనిషి ఆకలితో పని చేస్తున్నాడు, నేను వింటూ కూర్చున్నాను, అని కూడా అనుకుంది.

ఏడాది నిండిన రోజు, తెల్లవారగానే హయాత్ పారా తట్టా బయటికి తీసింది. తలుపు వెనక నిలబెట్టిన దిమ్మిసను కూడా ఎత్తబోయింది. కదల్లేదు. దాన్ని అక్కడే గోడకు ఆనించి వదిలేసింది.

అరుగు మీదినుంచి రాఘవమ్మ చూసింది. "ఎక్కడికే?"

"రాళ్ళు వెయ్యడానికి."

"కుప్పలోకా?"

"గుంతలోకి."

రాఘవమ్మ వద్దనలేదు. "సరే పో. నీ పొయ్యి మీద అన్నం దుర్గ చేత పెట్టిస్తాలే. నీకు వార్చే వేళ తెలియాలంటే చప్పుడు వినాలంటావు కదా, ఇవాళ ఆ పని నేను చేస్తా. చెయ్యి విరిగింది గానీ చెవులు బాగానే ఉన్నాయి."

వంపు దగ్గర బుడే అప్పటికే వచ్చి నేల ఊడుస్తున్నాడు. జెండా పాతాడు. కొత్త గుడ్డ తెచ్చాడు. మాబూబీ చెంగు నడుముకు చుట్టుకుని, కుప్ప కింది అంచున పార దించింది. గరగరమంది. ఇన్నాళ్ళూ విన్న ఆ చప్పుడు ఇప్పుడు తన చేతుల్లోంచే వచ్చింది. అయినా ఆగలేదు. తట్ట నింపి గుంతలో పోసింది.

బుడే చీపురు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "వదినా! ముట్టుకోబాక! సాహెబు రాళ్ళవి."

"సాహెబు రాళ్ళు కాదు. రోడ్డు రాళ్ళు."

"అందరి మొక్కులూ ఉన్నాయి అందులో. చెడు జరుగుద్ది."

"జరిగితే నాకే జరగనీ. ఆయన నా మీద కోప్పడటం కొత్తా?"

ఇంతలో ప్రభు ఆటో వచ్చింది. సంగతి చూసి దిగాడు. ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. మాబూబీ రెండో తట్ట ఎత్తలేక తడబడింది. ప్రభు చటుక్కున ఒక పక్క పట్టాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు బుడే.

"గుంత పూడిస్తే నీ పంక్చర్ షాపు మూతపడుద్దని బాధ కదా నీకు?" అన్నాడు ప్రభు.

"ఏరా, ఆ మాట అనడానికి నోరెట్లా వచ్చింది? నస్రత్‌కి పెళ్ళై ఇన్నేళ్ళకి కడుపు పండిందంటే ఎవరి పుణ్యం? నేను వేసిన రాయి ఉంది అక్కడ." బుడే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నస్రత్ అతని ఒక్కగానొక్క కూతురు. "అది మాత్రం తియ్యబాక వదినా. నీ కాళ్ళు పట్టుకుంటా."

మాబూబీ పార ఆనించి నిలబడింది. ఇంతసేపూ కుప్పలో తన మొగుణ్ణే చూసింది గానీ ఇంతమంది గుండెలున్నాయని తలచలేదు.

"గుర్తుందా అది?"

"ఉంది. ఎర్రచార ఉంటది."

"వెతికి తియ్యి. నీ చేత్తోనే గుంత నడుమ పెట్టు. మీ అన్న రాయి అడిగింది దాచుకోడానికి కాదు బుడే. నీ మనవడు రేపు ఈ రోడ్డు మీదే కదా బడికి పోవాలి. వాడి సైకిలు ఆ రాయి మీదినుంచి పోనీ."

బుడే కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కుప్ప మీది ఆకుపచ్చ గుడ్డ తీసి, బిడ్డ బట్టల్లా మడతపెట్టి, ఆటో సీటు మీద ఉంచాడు. రాళ్ళలో చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టాడు.

ముగ్గురూ చేశారు. ఆగిన బండ్లవాళ్ళు కొందరు గొణుక్కుంటూ పోయారు, ఒకరిద్దరు తట్ట అందుకున్నారు. దిమ్మిస లేదు కాబట్టి ప్రభు ఆటోను ముందుకూ వెనక్కూ నడిపి తొక్కించాడు. ఎండ ఇంకా ఎక్కకముందే పని అయిపోయింది. కుప్ప మళ్ళీ మోకాటి ఎత్తుకు వచ్చింది, హయాత్ ఉంచుకునేంత. బుడే దాని ముందు కూర్చుని ఫాతెహా చదివాడు. మాబూబీ పారను తట్ట మీద అడ్డంగా పెట్టి, తల మీద చెంగు సర్దుకుని చేతులు చాచింది. అందరూ వెళ్ళాక కూడా అక్కడే కూర్చుంది. ప్రభు ఇంటి దగ్గర దించుతానంటే వద్దంది.

ఏమీ వినపడలేదు. గాలి కూడా లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఏడాదిగా తప్పని వేళ. ఆమె చెవులు నొప్పి పెట్టేలా విన్నది. నల్లటి నేల నెర్రెలు నోళ్ళు తెరుచుకుని నిశ్శబ్దంగా ఉంది.

అయిపోయింది, అనుకుంది. ఏడుపు రాలేదు. పారా తట్టా ఎత్తుకుని ఇంటి దారి పట్టింది. చాలా దూరం. కాళ్ళీడ్చుకుంటూ నడిచింది. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు.

అరుగు మీద రాఘవమ్మ ఎదురు చూస్తోంది.

"అబ్బ, ఎంత పని చేశావే ఎండలో! ఇప్పుడే కదా చప్పుడు ఆగింది. ఆగీ ఆగగానే వార్చెయ్యమన్నా దుర్గని. పో, గంజి ఇంకా పొగలు కక్కుతా ఉంది."

మాబూబీ నిలబడిపోయింది. పార చేతిలోనే ఉంది. అది నేల తాకి ఎంతసేపయిందో. నడవడానికే ఎంతసేపు పట్టింది.

"ఇప్పుడే ఆగిందా అక్కా?"

"ఇప్పుడే. నువ్వు దడి కాడికి రావడానికి కాస్త ముందు. ఆ దిమ్మిస ఎట్లా ఎత్తావే తల్లీ? దబ్బుదబ్బుమని నా గుండెల్లో గుద్దినట్టుంది."

మాబూబీ లోపలికి పోయింది. దిమ్మిస తలుపు వెనక గోడకు ఆనించినట్టే ఉంది. పొయ్యి పక్కన వార్చిన గిన్నె వాలి ఉంది. మూత తీసింది. అన్నం పొడిపొడిగా, మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. పొగ ముఖానికి కొట్టింది.

చెంబు నిండా నీళ్ళు ముంచి, తీసుకెళ్ళి గడప బయట పెట్టింది. రెండు కంచాలు కడిగి పెట్టింది. ఉప్పు గిన్నె దగ్గరికి జరిపి, తలుపు వైపు ముఖం పెట్టి కూర్చుంది.